ముద్ద దిగని రోజులు

మొదటిసారి ముద్ద ఇరుక్కున్న రోజు నాకు బాగా గుర్తుంది. బరువు తగ్గడానికి పొట్ట ఆపరేషన్ అయి అప్పటికి 5 వారాలు. అమ్మ పెసరపప్పూ బియ్యమూ కలిపి మెత్తగా ఉడికించి, పప్పుగుత్తితో మెదిపి, పైన రెండు చుక్కల నెయ్యి వేసి చిన్న గిన్నెలో పెట్టింది. నెలకు పైగా నీళ్లు, మజ్జిగ, జావ, పప్పుకట్టు తప్ప నోట్లోకి ఇంకేమీ పోలేదు. ఆ నెయ్యి వాసనకే నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

మూడో చెంచాకి ఆగిపోయింది. గొంతులో కాదు. రొమ్ము ఎముక కింద, సరిగ్గా నడిమధ్యన, ఎవరో పిడికిలి బిగించి లోపల పెట్టినట్టు. నీళ్లు తాగితే దిగుతుందనుకుని ఒక గుక్క తాగాను. ఆ పని అస్సలు చేయకూడదని నాకప్పుడు తెలియదు. నీళ్లు ఆ ముద్ద మీదే నిలబడిపోయి నొప్పి రెట్టింపైంది. నోట్లో ఉమ్మి ఊరడం మొదలైంది. మామూలు ఉమ్మి కాదు, గుడ్డు తెల్లసొన గిలకొట్టినట్టు జిగురు నురగ. ఎంత ఉమ్మినా మళ్లీ ఊరుతుంది. ముక్కు కారింది, ఎక్కిళ్లు పట్టుకున్నాయి. 40 నిమిషాలు వాష్‌బేసిన్ పట్టుకుని నిలబడ్డాను. అమ్మ వెనక నుంచి వీపు రాస్తూ "ఏమైంది తల్లీ, ఏమైంది" అంటూనే ఉంది. చివరికి తిన్న మూడు చెంచాలూ తిన్నవి తిన్నట్టే బయటికొచ్చేశాయి.

మాది గుంటూరు జిల్లా. హైస్కూల్లో లెక్కల టీచర్ని. 2022 జూన్‌లో హైదరాబాద్‌లో స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నాను. అప్పుడు నా వయసు 41, బరువు 118 కిలోలు, ఎత్తు 158 సెంటీమీటర్లు. ఎత్తుతో పోల్చి బరువు చెప్పే లెక్క, బీఎంఐ, 47. తొమ్మిదేళ్లుగా షుగర్. రాత్రి పడుకుంటే ఊపిరి ఆగిపోతోందని ముక్కుకి మాస్కు పెట్టుకుని, మెషిన్ ఆన్ చేసుకుని పడుకునేదాన్ని. పై అంతస్తులో క్లాసు పడితే మెట్ల మధ్యలో ఆగాల్సి వచ్చేది. తగ్గాలని నేను చేయని ప్రయత్నం లేదు, దాని గురించి ఇక్కడ రాయను. ఇలా బరువు మోసినవాళ్లకి చెప్పక్కర్లేదు, మోయనివాళ్లకి చెప్పినా నమ్మరు.

స్లీవ్ అంటే పొట్టలో దాదాపు ముప్పావు భాగం, ఇంకా కొంచెం ఎక్కువే, పొడుగునా కోసి తీసేస్తారు. మిగిలేది అరటిపండంత సన్నని గొట్టం. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే కాబట్టి ఆకలి కూడా తగ్గుతుంది. ఇదంతా సర్జన్ గారు బొమ్మ గీసి మరీ చెప్పారు. ఆపరేషన్ చేయించుకోవడం తప్పు కాదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అదే అంటాను. కానీ రెండో నెల, మూడో నెల ఎలా ఉండొచ్చో నాకెవరూ సరిగ్గా చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మొదటి రెండు వారాలు అన్నీ ద్రవాలే. ఒక్కసారి 30 మిల్లీలీటర్లు, అదీ పావుగంట పట్టేలా తాగాలి. హాస్పిటల్లో ఇచ్చిన ప్లాస్టిక్ కప్పుతో తాగితే గుక్క పెద్దదై లోపల పట్టేసేది. అమ్మ తెనాలి నుంచి వస్తూ ఉగ్గుగిన్నె తెచ్చింది. నేను పుట్టినప్పుడు నాకు ఉగ్గు పట్టిన వెండి గిన్నె అది. దాని కొమ్ము నుంచి ఎంత వంచినా సన్నగానే వస్తుంది. ఒక్కో గుక్కా నాలుక మీద ఆపి, గోరువెచ్చగా అయ్యాక మింగేదాన్ని. 41 ఏళ్ల కూతురు ఉగ్గుగిన్నెతో మజ్జిగ తేట తాగుతుంటే అమ్మ చెంగుతో కళ్లు ఒత్తుకునేది. నాకు మాత్రం ఆ రోజుల్లో అంత హాయిగా తాగగలిగింది దాంతోనే.

మూడో వారం నుంచి మెత్తటి జారుడు ఆహారం. పప్పుకట్టు, పల్చటి రాగిజావ, గిలకొట్టిన పెరుగు, పాలల్లో ప్రోటీన్ పౌడర్. అవి బాగానే దిగాయి. ఐదో వారంలో అన్నం మొదలుపెట్టాక పైన చెప్పిన సంగతి జరిగింది.

అక్కడి నుంచి రోజూ అదే తంతు. హాస్పిటల్‌కి ఫోన్ చేస్తే అవతల ఉన్న అమ్మాయి, "మేడమ్, మీరు ఫాస్ట్‌గా తింటున్నారు. 25, 30 సార్లు నమలండి. ముద్దకీ ముద్దకీ మధ్య ఒక నిమిషం ఆగండి" అంది. ఆ సలహా తప్పు కాదు. కొత్తలో చాలామందికి ముద్ద ఇరుక్కునేది తొందర వల్లే. నేనూ అలాగే చేశాను. ఫోన్‌లో టైమర్ పెట్టుకుని, పిల్లల చెంచాతో, లెక్కపెట్టుకుంటూ నమిలాను. అయినా ఇరుక్కునేది. మళ్లీ ఫోన్ చేస్తే మళ్లీ అదే మాట. మూడోసారికి "తినడం కొత్తగా నేర్చుకోవాలి మేడమ్, కొంతమందికి టైమ్ పడుతుంది" అన్నారు. దాంతో లోపం నాలోనే ఉందనుకున్నాను. జీవితమంతా తిండి విషయంలో మాట పడినదాన్ని. ఇప్పుడు తినలేకపోవడం కూడా నా తప్పే అంటే వెంటనే నమ్మేశాను. ఎనిమిదో వారానికి ఇక ఫోన్ చేయడం మానేశాను. నేను చేసిన పెద్ద పొరపాటు అదే.

చుట్టాలు ఫోన్ చేసి "ఎంత తగ్గావు?" అని అడిగేవాళ్లు. 23 కిలోలు తగ్గానంటే "అబ్బ, సూపర్" అనేవాళ్లు. అందులో ఎన్ని కిలోలు వాంతులతో పోయాయో ఎవరికి చెప్పాలి?

ఒక విషయం ఇక్కడే చెప్పేస్తాను, చివరిదాకా చదవనివాళ్లకి కూడా అందాలి. తొందరపడి తినడం వల్ల ఇరుక్కోవడం వేరు, దారి సన్నబడి ఇరుక్కోవడం వేరు. తొందర వల్ల అయితే అది ఏదో ఒక ముద్దకి, ఏదో ఒక రోజు వస్తుంది. మెల్లగా తింటే తగ్గుతుంది, మెత్తటివి, పల్చటివి మామూలుగా దిగుతాయి. దారి సన్నబడితే అది రోజురోజుకీ ముదురుతుంది. ముందు అన్నం, తర్వాత మెదిపిన ఇడ్లీ, తర్వాత జావ, చివరికి మంచినీళ్లు. నిన్న దిగింది ఇవాళ దిగకపోతే అది నమలడంలో లోపం కాదు. నీళ్లు కూడా నిలవకపోతే ఆ రోజే హాస్పిటల్‌కి వెళ్లాలి. ఫోన్‌లో తేలే సంగతి కాదు. వాంతిలో రక్తం కనబడినా, జ్వరంతో కడుపునొప్పి వచ్చినా, గుండె దడదడలాడుతున్నా అంతే.

నాకు తొమ్మిదో వారంలో మజ్జిగ కూడా తిరిగి రావడం మొదలైంది. మూత్రం ముదురు పసుపు రంగులో, రోజుకి రెండుసార్లే. లేచి నిలబడితే కళ్లు తిరిగేవి. మా ఊళ్లో ఒక క్లినిక్‌లో రెండు రోజులు సెలైన్ పెట్టించుకుంటే కాస్త ఓపిక వచ్చినట్టనిపించింది. మూడో రోజు పొద్దున వరండాలో నడుస్తుంటే కాళ్లు నావి కానట్టు తూలాను. అరికాళ్లలో చీమలు పాకినట్టు, మంటగా ఉంది. గోడ మీద క్యాలెండర్‌లో అంకెలు ఒకదాని మీద ఒకటి పడి రెండేసి కనిపించాయి. లెక్కల టీచర్ని, అంకెలు చెదిరిపోవడం చూసి హడలిపోయాను. మా వారు ఇక ఎవరినీ అడగలేదు. కారు తీసుకొచ్చి, వెనక సీట్లో దిండ్లు వేసి, అమ్మ ఒళ్లో నా తల పెట్టించి, మధ్యాహ్నానికల్లా హైదరాబాద్ చేర్చారు. ముందు వెళ్లిన చోటికి కాదు, ఇంకో హాస్పిటల్‌కి.

అక్కడ క్యాజువాల్టీలో ఒక చిన్న డాక్టరమ్మ ఉంది. నా కేసు వినగానే అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్ని వారాల నుంచి వాంతులు?" రెండోది, "ఊళ్లో పెట్టిన సెలైన్ ఏది, గ్లూకోజ్ ఉన్నదా?" మా వారి ఫోన్‌లో ఆ సీసా ఫొటో ఉంది. అది చూసి ఆమె నర్సుని పిలిచి, "ముందు థయమిన్ పెట్టండి, ఆ తర్వాతే మిగతావి" అంది. నా కళ్లల్లో టార్చ్ వేసి, వేలు అటూ ఇటూ కదిపి చూసింది.

థయమిన్ అంటే విటమిన్ బీ1. ఒంట్లో దాని నిల్వ రెండు మూడు వారాలకి మించి ఉండదట. ఆపరేషన్ తర్వాత తిండి తగ్గి, పైగా వాంతులవుతుంటే ఆ నిల్వ అయిపోతుంది. గ్లూకోజ్‌ని వాడుకోవడానికి శరీరానికి బీ1 కావాలి. అది లేనప్పుడు గ్లూకోజ్ సెలైన్ ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి మెదడుకి దెబ్బ తగులుతుంది. చూపు రెండుగా కనబడటం, నడక తూలడం, మతి స్థిమితం తప్పడం దానికి గుర్తులు. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు. ఆ అమ్మాయి మర్నాడు పొద్దున్నే రౌండ్స్‌కి వచ్చి నా పక్కన కూర్చుని ఇదంతా ఓపిగ్గా చెప్పింది. నాకు చూపు రెండు రోజుల్లో సర్దుకుంది. అరికాళ్ల మంట పూర్తిగా తగ్గడానికి నాలుగు నెలలు పట్టింది. బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్న ప్రతి ఒక్కరూ ఈ ఒక్క ముక్క ఇంట్లోవాళ్లకి చెప్పి ఉంచాలి: వాంతులతో ఏ హాస్పిటల్‌కి వెళ్లినా, "నాకు పొట్ట ఆపరేషన్ అయింది, గ్లూకోజ్ కంటే ముందు బీ1 పెట్టండి" అని నోరు తెరిచి అడగాలి. మనకి మతి స్థిమితం ఉండకపోవచ్చు కాబట్టి పక్కవాళ్లకి తెలియాలి.

ఒంట్లో కాస్త నీరు చేరాక రంగు మందు తాగించి ఎక్స్‌రే తీశారు. స్క్రీన్ మీద నాకూ చూపించారు. మందు అన్నవాహికలోంచి దిగి, పొట్ట గొట్టం మధ్యలో వంపు దగ్గర ఆగిపోయింది. దాని పైన ఉబ్బిన సంచిలా నిలిచింది, కింద దారం పోగంత సన్నగా జారుతోంది. నెల రోజులుగా నేను చెబుతున్నది అక్కడ తెల్లగా, స్పష్టంగా ఉంది. డాక్టర్ గారు "అమ్మా, మీరు ఎన్నిసార్లు నమిలినా ఇది దిగేది కాదు" అన్నారు. అక్కడే ఏడ్చేశాను. రోగం బయటపడినందుకు ఏడవలేదు, నా తప్పు కాదని ఒకరు నోటితో అన్నందుకు ఏడ్చాను.

దీన్ని స్ట్రిక్చర్ అంటారు. స్లీవ్‌లో సాధారణంగా ఆ వంపు దగ్గరే వస్తుందట. గొట్టం అక్కడ మెలితిరిగో, కుట్ల దగ్గర మచ్చ కట్టి బిగుసుకునో దారి సన్నబడుతుంది. ఎక్కువమందికి రాదు. కానీ వచ్చినవాళ్లకి వైద్యం ఉంది. ఎండోస్కోపీలో ఒక బెలూన్ పంపి, ఆ సన్నటి చోట ఊదించి సాగదీస్తారు. నాకు మొదటిసారి 30 మిల్లీమీటర్ల బెలూన్. మత్తిచ్చారు కాబట్టి చేస్తున్నప్పుడు ఏమీ తెలియలేదు. లేచాక ఛాతీ మధ్యలో ఒక రోజంతా పట్టేసినట్టు నొప్పి. సాయంత్రం గోరువెచ్చని నీళ్లు ఇచ్చారు. భయపడుతూ ఒక గుక్క మింగాను. మెల్లగా కిందికి జారడం తెలిసింది. ఇంకో గుక్క. అదీ పోయింది. నీళ్లు కిందికి పోవడమనేది పట్టించుకోవాల్సిన సంగతని ఒంట్లో బాగున్న మనిషికి ఎప్పుడూ తోచదు.

ఒక్కసారితో అయిపోలేదు. రెండు వారాలు బాగుండి, మళ్లీ బిగిసింది. మూడు వారాల తేడాతో 35 మిల్లీమీటర్ల బెలూన్, ఆ తర్వాత ఇంకోసారి. మొత్తం మూడు. ఇలా కుదరకపోతే ఇంకో ఆపరేషన్ చేసి, పొట్ట పై భాగాన్ని నేరుగా పేగుకి కలిపి, స్లీవ్‌ని బైపాస్‌గా మార్చాల్సి వస్తుందని ముందే చెప్పారు. ఆ టెన్షన్‌తో మూడోసారి తర్వాత ప్రతి ముద్దనీ పరీక్షలా తిన్నాను. నాకు అంతదాకా రాలేదు.

ఇక తిండి సంగతి. ఇది ఎంత రాసినా నాకు తనివి తీరదు, ఎందుకంటే కాగితం మీద ఇచ్చే డైట్ చార్టుల్లో మన వంటిల్లు ఉండదు. నాకు అన్నిటికంటే ఆలస్యంగా సరిపడింది అన్నం. ముద్దగా ఉంటే లోపలికెళ్లి బంకలా అతుక్కుంటుంది, పొడిగా ఉంటే మెతుకు మెతుకూ గుచ్చుకుంటుంది. చారు బాగా పోసి జారుగా కలిపితే ఇప్పుడు నాలుగైదు చెంచాలు పోతుంది. ఉప్మా ఇంకా లోపల ఉబ్బినట్టే ఉంటుంది. బ్రెడ్ జోలికి పోను. పెసరట్టు మాత్రం నన్ను కాపాడింది. పల్చగా పోసి, కరకరలాడేలా కాకుండా మెత్తగా తీసి, చిన్న ముక్కలు చేసుకుంటే చక్కగా దిగుతుంది, ప్రోటీన్ కూడా అందుతుంది. రోజుకి 60 గ్రాములకి తగ్గకూడదన్నారు. కోడిగుడ్డు ఉడికించి తింటే పచ్చసొన పొడిపొడిగా అడ్డం పడుతుంది, అదే పులుసులో వేసి మెత్తబడ్డాక పోతుంది. చికెన్ ముక్క కంటే ఖీమా నయం, ఖీమా కంటే కొరమేను పులుసు నయం. గోంగూర కాడలు, మునక్కాడ పీచు, మామిడిపండు పీచు నాకు పడవు. మామిడిపండు రసం తీసి వడకట్టి రెండు చెంచాలు తాగుతాను, అదీ భోజనం తర్వాత కాదు.

ముందు ప్రోటీన్, తర్వాత కూర, చివర్లో అన్నం. తింటూ నీళ్లు తాగను. తిన్నాక అరగంట ఆగుతాను. ఇది అన్నిటికంటే కష్టం. గుంటూరు కారం తిని పెరిగిన నోరు నీళ్ల కోసం అల్లాడుతుంది, అందుకే కారమే సగానికి తగ్గించాను. ముద్ద ఆగిందనిపిస్తే వెంటనే చెంచా కింద పెట్టేసి, లేచి మెల్లగా అటూ ఇటూ నడుస్తాను. మీద ఇంకేమీ వేయను, నీళ్లు కూడా.

పెళ్లిళ్లలో ఇప్పటికీ ఇబ్బందే. కొసరి కొసరి వడ్డించడం మన మర్యాద. వద్దంటే నొచ్చుకుంటారు. మొదట్లో మొహమాటానికి తిని చేతులు కడుక్కునే చోట వాంతి చేసుకున్న రోజులున్నాయి. ఇప్పుడు మా వారు పక్కన కూర్చుంటారు. వడ్డించేవాళ్లు రాగానే "ఆమెకి ఆపరేషన్ అయిందండీ, నాకు వేయండి" అంటారు. ఆ ఒక్క మాటతో అయిపోతుంది. మా అత్తయ్య కూడా మొదట్లో "ఇంత ముద్ద తింటే మనిషెలా నిలబడుతుంది" అని బాధపడేవారు. ఇప్పుడు ఆవిడే నాకు విడిగా పులుసు చిక్కగా కాచి పెడతారు.

మింగడం బాగుపడ్డాక ఇంకో బాధ మొదలైంది. రాత్రి పడుకుంటే పుల్లటి నీళ్లు గొంతులోకి ఎగదన్నేవి, దగ్గుతో లేచేదాన్ని. స్లీవ్ తర్వాత పొట్ట సన్నటి గొట్టం కాబట్టి లోపల ఒత్తిడి ఎక్కువ, ఆమ్లం పైకి తంతుంది. మంచానికి తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టించాను. రెండు దిండ్లు వేసుకోవడం కంటే ఇది చాలా నయం, దిండ్లతో నడుము వంగి కడుపు నొక్కుకుంటుంది. రాత్రి తిండి ఏడింటికల్లా ముగిస్తాను. పొద్దున పరగడుపున ఆమ్లం తగ్గించే పాంటోప్రజోల్ మాత్ర. మాత్రలు ఇరుక్కుంటున్నాయని అన్నీ పొడి చేసి మింగబోతే డాక్టర్ గారు ఆపారు. కాల్షియం నమిలే రకం తీసుకోవచ్చు కానీ, పాంటోప్రజోల్ మాత్ర పై పొర చితికితే పనిచేయదట. ఏది పొడి చేయొచ్చో, ఏది చేయకూడదో అడిగి రాయించుకోండి. రెండు మూడేళ్లకోసారి ఎండోస్కోపీ చేయించుకోమన్నారు, చేయించుకుంటున్నాను.

2023 సంక్రాంతికి అరిసె సగం తిన్నాను. పావుగంటలో చెమటలు, గుండె దడ, కాళ్లలో సత్తువ లేదు, విరేచనం. డంపింగ్ అంటారు. బైపాస్ వాళ్లకి ఎక్కువ, స్లీవ్ వాళ్లలో కూడా కొందరికి వస్తుంది. తీపి ఒక్కసారిగా పేగుల్లోకి జారిపోవడం వల్ల. పడుకుంటే గంటలో తగ్గింది. మళ్లీ అరిసె ముట్టలేదు. మలబద్ధకం, జుట్టు రాలడం కూడా పడ్డాను, జుట్టు తొమ్మిదో నెల నుంచి మళ్లీ వచ్చింది. బీ12, ఐరన్, డి విటమిన్ పరీక్షలు ఏడాదికోసారి తప్పనిసరి. ఒకసారి బాగుందని ఐరన్ మానేస్తే హిమోగ్లోబిన్ 9కి పడిపోయింది.

ఇప్పుడు 76 కిలోలున్నాను. ఇన్సులిన్ లేదు, మాస్కు లేదు. పై అంతస్తు క్లాసుకి ఆగకుండా ఎక్కుతాను.

పోయిన నెల నరసరావుపేట నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. మా తోటి టీచర్ ద్వారా నా నంబరు తీసుకుంది. ఆపరేషన్ అయి ఏడు వారాలట. "అక్కా, నేను సరిగ్గా నమలట్లేదంటున్నారు" అంది. నాకు ఒళ్లు జలదరించింది. "నీళ్లు దిగుతున్నాయా?" అని అడిగాను. "నిన్నటిదాకా దిగాయక్కా." "ఎన్నాళ్ల నుంచి వాంతులు?" "మూడు వారాలు దాటింది." "ఫోన్ మీ ఆయనకివ్వమ్మా" అన్నాను. ఆయనకి బీ1 సంగతి రెండుసార్లు చెప్పి, కాగితం మీద రాయించి, చదివించుకున్నాను. రాత్రి పదిన్నరకి బయల్దేరారు. నాకు నిద్ర పట్టలేదు. ఉదయం ఆరున్నరకి మెసేజ్ వచ్చింది. అడ్మిట్ చేసుకున్నారట, ఇంజెక్షన్ ముందే పెట్టారట, పదకొండింటికి ఎండోస్కోపీ.